కొండచిలువతో రాజీ

ఆ రోజుల్లో మాకు ఉద్యోగాలు లేవు గానీ అభిప్రాయాలకు మాత్రం కొదవ లేదు. ఇంజనీరింగ్ అయిపోయి, కర్నూల్లో ఒక మేడమీద గదిలో ఎండకు మాడుతూ, పొద్దున లేస్తే ఫోన్లో దూరి, లోకంలో ఏ ప్రోగ్రామింగ్ భాష గొప్పదో తేల్చేస్తూ బతికేవాణ్ణి. నా భాష జావా. దాన్ని నేనేమీ ఏరికోరి ఎంచుకోలేదు, కాలేజీలో అదే చెప్పారు, అదే వచ్చింది (ఇంకోటి రాదు, ఆ సంగతి అప్పట్లో ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు). అయినా దాన్నెవరైనా ఒక్క మాట అంటే మా ఇంటి ఆడబిడ్డను అన్నంత కోపం వచ్చేది. మా సీమ జిల్లాల పిల్లలంతా చేరిన గ్రూపొకటి ఉండేది, అందులో నా పేరు ‘జావా సింహం’. ఎలకను చూసినా మంచమెక్కే మనిషిని, పేరు మాత్రం అది.

ఆ గ్రూపును నడిపేది ఒక అక్క. పుట్టింది కడపలో, ఉద్యోగం బెంగుళూరులో. తాను ఏ భాషలో పని చేస్తుందో ఆమె ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. గ్రూపులో అందరికీ కనబడేలా ఒకే నియమం రాసిపెట్టింది: ‘అడిగినోళ్ళకు సాయం చేయండి. ఎవరి భాషనూ తిట్టొద్దండి.’ కొత్తగా చేరిన ప్రతివాడూ దానికి దండం బొమ్మ పెట్టి, ఆ సాయంత్రమే ఎవర్నో తిట్టేవాడు. ఒక రోజు అక్క ఒక కబురు పెట్టింది: ‘మా ఆఫీసులో ఒక ఖాళీ ఉండాది. మన గ్రూపు నుంచి ఒక్క పేరే పంపుతా. ఆదివారం చెప్తా.’ నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే మా నాయన అప్పటికే కోడుమూరు నుంచి ఫోన్ చేసి, ‘వానలు పడేలోపల ఉద్యోగం వస్తే సరి, లేకుంటే వచ్చి ఎద్దుల ఎనక గుంటక పట్టుకో’ అని తేల్చి చెప్పేసి ఉన్నాడు. గుంటక పట్టడం తక్కువ పని అని కాదు, నా చేతికి వస్తే చేను పాడవుతుందని నా భయం. ఆ ఒక్క పేరు నాదేనని గట్టిగా నమ్మాను. అంత గట్టిగానూ నమ్మినవాడు ఇంకొకడున్నాడు. వాడు కడపవాడు, పైథాన్ వీరుడు, గ్రూపులో పేరు ‘కొండచిలువ’.

అంతా బాగుండగా, ఆ గురువారం కాలేజీలో కొత్తగా చేరిన అమ్మాయెవరో ‘ముందు ఏ భాష నేర్చుకోవాలన్నా’ అని అడిగింది. పాపం, ఆ అమ్మాయికి ఈ రోజు వరకూ మేము సరైన జవాబు చెప్పలేదు. నేను జావా అన్నాను. కొండచిలువ వెంటనే దిగాడు: ‘జావాలో నమస్కారం అనే మాట తెర మీద చూడాలంటే ముందు తహశీల్దారుకు అర్జీ పెట్టాల.’ నవ్వు బొమ్మలు వానలా పడ్డాయి. నేనూరుకుంటానా? ‘మీ పైథాన్‌లో వరస మొదట్లో ఒక్క స్పేస్ ఎక్కువైతే అంతా మూర్ఛపోతాది, దాన్ని భాషంటారా, మూర్ఛరోగమంటారా’ అన్నాను. అలా మధ్యాహ్నం అన్నం మానేసి మరీ కొట్టుకున్నాం. మొత్తం గొడవలో ఒక్క చోట మాత్రం మా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది. ఎవరో మధ్యలో పీహెచ్‌పీ పేరెత్తితే ఇద్దరం కలిసి నవ్వాం. ‘అది ముసలోళ్ళ భాషప్పా’ అన్నాడు వాడు. ‘పెన్షన్ ఇచ్చి పంపాల’ అన్నాను నేను. తర్వాత మళ్ళీ కలబడ్డాం. చివరికి వాడు, ‘యాడుండావో చెప్పప్పా’ అన్నాడు. వేరే సీమల్లో ఆ మాటకు అర్థం ఏమో గానీ, మా వైపు అది కొట్లాటకు పిలుపు, ఆ మాట వచ్చాక చిరునామా ఇవ్వకపోతే తల ఎత్తుకోలేము. బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని చేసే హోటలు పేరు రాసి, ‘ఆదివారం పొద్దున రా’ అన్నాను. ‘వస్తాండా’ అన్నాడు. అప్పుడు అక్క వచ్చింది, ఒక్క మాటే రాసింది: ‘ఆదివారం లోపల ఇద్దరూ రాజీ పడకుంటే ఇద్దర్నీ తీసేస్తా. ఇంక పేరు సంగతి మర్చిపోండి.’

వాడు ఎంతమందితో వస్తాడో తెలియదు, రాజీ ఎలా పడాలో తెలియదు, పడకపోతే గుంటకే. ఇలాంటప్పుడు మా ఇంట్లో ఎవరైనా చేసే పనే నేనూ చేశాను, మా మేనమామకు ఫోన్ చేశాను. మా మామ కోడుమూరు చుట్టుపక్కల గట్టు తగాదాలు తీర్చే పెద్దమనిషి. విషయమంతా విని, ‘దెబ్బలు తిన్నావా?’ అన్నాడు. లేదన్నాను. ‘వాళ్ళ నీళ్ళు మనం మళ్ళించినామా?’ లేదు. ‘మరి ఏం పోయిందిరా?’ ‘మాట పోయింది మామా.’ ‘మాట పోతే అది శానా పెద్దదే’ అన్నాడు, ‘జీపు తీసుకొని వస్తాండా.’ వద్దని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఆదివారం పొద్దున మామ తెల్లబట్టల్లో ఇంకో ఇద్దరు పెద్దమనుషులతో దిగి హోటల్లో మూల బల్ల పట్టాడు. కొండచిలువ బస్సులో నుంచి గ్రూపులో కబుర్లు పెడుతున్నాడు. ‘ఆళ్ళగడ్డ దాటినా.’ ‘నంద్యాల దాటినా.’ ‘ఓర్వకల్లు రాళ్ళు కనపడతాండాయి.’ ఒక్కో కబురుకీ నా ప్లేటులో ఉగ్గాని చల్లారిపోతోంది. ఊళ్ళు దగ్గరవుతుంటే మనిషి పెద్దవుతున్నట్టు అనిపించింది. తీరా బస్సు దిగి వచ్చింది ఎవరయ్యా అంటే, గాలి వీస్తే పక్కకు ఒరిగే బక్క పిల్లాడు, చేతిలో లాప్‌టాప్ సంచీ, పక్కన నెరిసిన జుట్టుతో వాళ్ళ పెదనాన్న. ఆయన పాస్టరట. వాడూ నాలాగే భయపడి పెద్దదిక్కును వెంటబెట్టుకొచ్చాడు. అయినా పెద్దల ముందు తగ్గితే పరువేం కావాలి, ఇద్దరం మొహాలు మాడ్చుకునే కూర్చున్నాం.

మామ గొంతు సవరించుకున్నాడు. ఆయనకొక పద్ధతి ఉంది. గట్టు తగాదా వస్తే ఎవడి మాట వాణ్ణి చెప్పనివ్వడు. ఎదుటివాడి మాటే చెప్పిస్తాడు, ‘అవును, ఇదే నా మాట’ అని ఎదుటివాడు ఒప్పుకునే దాకా వదలడు. ‘అల్లుడా, ఆ పిల్లోని ఇంటి మంచి ఏందో నువ్వు చెప్పు’ అన్నాడు (భాషంటే ఆయన లెక్కలో ఇల్లే). పైథాన్‌ను తిట్టడానికి నా దగ్గర వంద మాటలున్నాయి, మెచ్చుకోవడానికి దాన్ని ఎప్పుడైనా రాసి ఉండాలి కదా. అటు తిరిగి పాస్టరుగారు, ‘నాయనా, నువ్వైనా ఆ అబ్బాయిది చెప్పు’ అన్నారు. కొండచిలువ బజ్జీ తుంచి నోట్లో పెట్టుకున్నాడు. మామకు మండింది. ‘ఆ చేన్లో ఒక్క దినం దిగింది లేదు, గట్టు మీద నిలబడి తగాదానా? ఎండలో నన్ను ఇంత దూరం ఇందుకేనా తెచ్చింది?’ హోటల్లో ఉన్నవాళ్ళంతా మా వైపు తిరిగారు. ఆ క్షణంలో నాకు గుంటక కళ్ళకు కట్టింది. ‘వాళ్ళది చదివితే మామూలు మాట మాదిరి అర్థమవుతాది మామా, కొత్తోళ్ళు భయపడరు’ అన్నాను. కొండచిలువ తలెత్తాడు. ‘అవునప్పా, అదే నా మాట’ అన్నాడు మెల్లగా. తర్వాత వాడు, ‘వీళ్ళదాంట్లో తప్పు రాస్తే పని మొదలు కాకముందే శానా మటుకు చెప్పేస్తాది పెదనాయనా, నడిదారిలో ముంచదు’ అన్నాడు. నా భాషను ఒకరు మెచ్చుకోగా వినడం అదే మొదటిసారి. నవ్వు వచ్చి మొహం అటు తిప్పుకున్నాను.

మామ అక్కకు ఫోన్ చేయించి స్పీకరు పెట్టించాడు. ‘రాజీ అయింది తల్లీ’ అని పద్ధతి కూడా చెప్పాడు. ఆమె శ్రద్ధగా విన్నది. ‘మీ పద్ధతి బాగుండాది పెద్దాయనా. నేనూ అదే అడుగుతా’ అంది. ‘ఏమప్పా సింహం, కొండచిలువా, ఇద్దరూ ఉండారు కదా. ఆ ఉద్యోగం పీహెచ్‌పీలో. నేను చేరినప్పటి నుంచి చేస్తాండేది అదే. దాని మంచి మాట ఒకటి చెప్పండి.’

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముసలోళ్ళ భాష, పెన్షన్ ఇచ్చి పంపాల అన్న మాటలు ఆమె చదివే ఉంటుంది. మామ నా వైపు, పాస్టరుగారు వాడి వైపు ఆశగా చూస్తున్నారు. ఏదైనా కల్పించి చెబుదామా అనుకున్నాను, చేతకాలేదు. ‘నాకు తెలీదక్కా’ అన్నాను. ‘నాకూ తెలీదు’ అన్నాడు వాడు. ‘గ్రూపులో ఇన్నాళ్ళ నుంచి ఉండారు, ఆ మాట మీ నోట ఇప్పుడే వింటాండా’ అంది అక్క. ‘పేరు పంపేది నెల తర్వాత. అంతలోపల ఇద్దరూ కలిసి నేర్చుకోండి.’

నెల తర్వాత వెళ్ళింది కొండచిలువ పేరు. నాకు కడుపు మండింది, అబద్ధం ఎందుకు. ఆ ఏడు వానలకు గుంటక పట్టాను, మా నాయన రెండు రోజులు చూసి తానే లాక్కున్నాడు. తర్వాతి ఖాళీకి నా పేరు చెప్పింది మాత్రం కొండచిలువే. ఆ ముసలోళ్ళ భాషే ఇన్నేళ్ళుగా నాకు అన్నం పెడుతోంది. మామ ఇప్పటికీ ఫోన్ చేస్తే, ‘ఆ రెండిళ్ళూ బాగుండాయా, రాకపోకలు ఉండాయా’ అని అడుగుతాడు. ఉండాయి మామా అంటాను.

గ్రూపు ఇప్పుడు మా ఇద్దరి చేతిలో ఉంది. మొన్న ఆదోని నుంచి కొత్తగా చేరిన అమ్మాయి, ‘పీహెచ్‌పీ ఇంకా బతికే ఉండాదా అన్నా’ అని రాసి నవ్వు బొమ్మ పెట్టింది. నా వేళ్ళు ‘యాడుండావో చెప్పమ్మా’ దాకా వెళ్ళిపోయాయి. చెరిపేసి, ‘ముందు దాని మంచి మాట ఒకటి చెప్పు’ అని రాశాను. మరుక్షణంలో జవాబు వచ్చింది: ‘నాకు తెలీదన్నా, చెప్పండి.’ ఎంత సులువుగా అనేసింది. నా నోట ఆ మాట రావడానికి కోడుమూరు నుంచి జీపు, కడప నుంచి బస్సు రావలసి వచ్చింది.