ఓర్వ ఎముకల గొయ్యి

పసితనం గట్టెక్కితే చాలు, ఆ నదిలోయ మనుషులు మొండిగా బతికేవారు. గట్టెక్కడమే గగనం. ఓర్వ ఏడుగురిని కని, నలుగురిని ఎర్రమన్ను చల్లి మట్టిలో పెట్టింది. తాను మాత్రం అరవై చలికాలాలు దాటి, బోసినోటితో, కుంటికాలితో అందరి మీదా అజమాయిషీ చేస్తూనే ఉంది.

ఆ ఏడు చలి తగ్గుముఖం పట్టే వేళకు ఆమె కూతురు ఇల్మకు పాలు ఇంకిపోయాయి. రెండు నెలల పసిగుడ్డుకు ఏడ్చే ఓపిక కూడా లేదు. తిండికి లోటా అంటే కాదు. అల్లుడు తార్క వేటలో మొనగాడు, రోజు విడిచి రోజు ఒక రెయిన్‌డీర్‌ను తెచ్చి వాళ్ళు తలదాచుకునే కొండచరియ కింద పడేస్తున్నాడు. చలికాలమంతా మంచు తవ్వుకుని మేసిన ఆ జంతువుల ఒంట్లో వెతికినా కొవ్వు లేదు. అందరూ కడుపునిండా తింటున్నారు, అందరూ చిక్కిపోతున్నారు.

"ఇంకాస్త తిను, ఇల్మా," అని తార్క పెళ్ళాన్ని బతిమాలుతున్నాడు.

"దానికి కావలసింది మాంసం కాదు నాయనా, కొవ్వు," అంది ఓర్వ. "మీరు నక్కలకు విసిరేసిన వెన్నుపూసలూ కీళ్ళూ ఏరుకు రండి."

"వాటిలో మూలుగ కూడా ఉండదు కదత్తా! పళ్ళన్నీ రాలాక ఇప్పుడు ఎముకలు కొరుకుతావా?"

వేటగాళ్ళు పగలబడి నవ్వారు. ఓర్వకు ఒళ్ళు మండింది. తన రెండో బిడ్డ సరిగ్గా ఇలాగే పోయాడు. ఆ మరుసటి ఏడు పై లోయ ముసలామె చెప్పేదాకా తనకూ ఎముకల నుంచి కొవ్వు తీయడం తెలియదు.

కుంటుకుంటూ తనే మంచులోకి వెళ్ళింది. నక్కలను రాళ్ళతో తరిమి, ఒక తోలు నిండా ఎముకలు ఈడ్చుకొచ్చింది. రాతి మీద నూకల్లా దంచింది. గొయ్యి తీసి, తోలు పరిచి, దంచిన ఎముకలు వేసి, మంచు కరిగించి పోసి, ఎర్రగా కాలిన గులకరాళ్ళు ఒక్కొక్కటే అందులో వేసింది. నీళ్ళు బుసబుసా పొంగాయి. చల్లారాక పైన తెల్లటి కొవ్వు మందంగా పేరుకుంది.

తార్క గొయ్యి మీదికి వంగాడు. వేలు ముంచబోతే ఓర్వ చేతిమీద ఒక్కటిచ్చింది.

"ముందు నీ పెళ్ళాం!"

రోజుకో గొయ్యి చొప్పున ఇల్మ ఆ కొవ్వే తింది. నాలుగో పొద్దున పసిది రొమ్ము పట్టి గుటకలు వేసింది. ఆ చప్పుడు విని ఓర్వ వలవలా ఏడ్చింది. ఏడుస్తూనే వేటగాళ్ళందరి వంకా కళ్ళెగరేసి చూసింది.

తర్వాతి వేట నుంచి తార్క భుజాన వెన్నెముకలతో, కీళ్ళతో దిగాడు.

"మాంసమేదిరా, మొనగాడా?" అన్నారెవరో.

"వెనకాల వాళ్ళు తెస్తున్నారులే. అత్తా, రాళ్ళు కాలాయా?"

ఆ పసిపిల్ల పెరిగి తన బిడ్డకు పాలిచ్చే రోజు కూడా ఓర్వ చూసింది. అప్పుడు గొయ్యి పక్కన కూర్చుని రాళ్ళు వేస్తున్నది జుట్టు నెరిసిన తార్క.

"ఇంకోటి వెయ్యి, అల్లుడూ," అంది ఓర్వ. "నీకింకా పని రాలేదు."