అవ్వ ప్రార్థన అయ్యేదాకా వజ్రాసనం

ఏ పనీ పూర్తిగా రాని వయసులో మనిషికి అన్నీ వచ్చినట్టే ఉంటుంది. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం ఇంకా మా ఇంటి దారి కనుక్కోలేకపోతున్న ఆ రోజుల్లో నేను యోగాలో పడ్డాను. కడపలో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతుంటే, పార్కులో ఒక రిటైర్డ్ మాస్టారు ఊపిరి పీల్చడం, వదలడం నేర్పేవారు (అంతకుముందు నేను ఏం చేస్తూ బతికానో). కర్నూలులో నా స్నేహితుడి జిమ్‌లో చెమటలు కక్కించే వేగం యోగా ఉండేది. ఫోన్‌లో చూసేది మూడోది: ఒంటి కింద దిండ్లు, కాళ్లకు పట్టీలు వేసుకుని ఒకే భంగిమలో చాలాసేపు ఉండే రకం. మూడింటిలోనూ కష్టమైనవి తీసేసి, మిగిలినవి కలిపి నాకంటూ ఒక సాధన తయారు చేసుకున్నాను. సంగటిలోకి పప్పూ, చెనక్కాయల పచ్చడీ, కోడిపులుసూ కలిపి తినేవాణ్ణి ఎవరూ తప్పుపట్టరు కదా అని నా వాదన. స్నేహితుడు మాత్రం ఒకసారి చూసి, “ఏమప్పా, ఆసనం వేస్తాండావా, కిందపడి లేస్తాండావా?” అన్నాడు.

అలాంటి నేను, కడప గది ఖాళీ చేసి ఊరికి వచ్చాక, మా అవ్వకు గురువునయ్యాను. మైదుకూరు దగ్గర మా ఊళ్లోని చర్చిలో సంస్కారం, అంటే ప్రభువు పేరున ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం, తీసుకునేవాళ్లు ముందున్న కమ్మీ దగ్గర వరసగా మోకరిస్తారు. ఆ వరసలో ఎడమ చివర అవ్వది, పక్కచోటు తాతది. తాత పోయాక కూడా అవ్వ కొంచెం జరిగి ఆయనకు చోటు వదిలేది. ఆ ఏడు అవ్వ మోకాలు బిగుసుకుపోయింది. డాక్టరు అరుగుదలన్నాడు, మెల్లగా వంచుతూ ఉండమన్నాడు. పాస్టరు అయ్యగారు మంచి మనసుతో కమ్మీ దగ్గర ఒక కుర్చీ వేయించారు. అంతే, అవ్వ సంస్కారానికి లేవడమే మానేసింది. “కుర్చీలో కూసోని తీసుకోనీకి నేనేమన్నా కలెక్టర్నా?” అంది నాతో. చర్చిలో కోత పండుగనాటికైనా తన చోట్లో మోకరించాలని ఆమె ఆశ. అది పైకి అనదు. గోడకానుకుని మోకాలు రుద్దుకుంటూ ఉంటుంది.

“యోగా నేర్పిస్తానవ్వా” అన్నాను.

“మంత్రాలేమన్నా ఉండాయా అందులో?”

“లేవు. ఊపిరి ఒకటే.”

“అది నాకాడ ఉండాదిలే. పా.”

దిండుకు బదులు వరండాలో ఉన్న చెనక్కాయల మూటను మోకాళ్ల మీద వంగిన ఆమె మడమల మీద పెట్టి, దానిమీద వజ్రాసనంలో కూర్చోబెట్టాను. అది ఫోన్ యోగా. పట్టీకి బదులు ఎద్దుల పగ్గం. నిదానంగా ఊపిరి, అది మాస్టారి వాటా. జిమ్ నుంచి ఏమీ తీసుకోలేదు, నాకు అవ్వ కావాలి. “ఎంతసేపురా?” అంది. “ఒక ప్రార్థన అయ్యేదాకా” అని నేనూ పక్కనే, మూట లేకుండా, గురువులా కూర్చున్నాను. పెళ్లిలో ప్రార్థనకు అవ్వను లేపారని తెలిశాకే, ఆమేన్ లోపు అన్నం ఉడికిపోతుందని, వంటవాళ్లు తాపీగా ఎసరు పెడతారన్న సంగతి నాకు అప్పుడు గుర్తుకు రాలేదు.

అవ్వ కళ్లు మూసుకుంది. కొడుకులు, కోడళ్లు (వాళ్ల కూరల్లో ఉప్పుతో సహా), ఎండిన బోరు, డోన్‌లో లారీ నడిపే మేనమామ, పక్కింటి బీబమ్మ కంటి ఆపరేషను, చెయ్యెత్తితే ఆపే బస్సు డ్రైవరు, ఆపని ఇంకో డ్రైవరు, అందరూ వరసగా ప్రార్థనలోకి వచ్చారు. బీబమ్మ పేరు వచ్చేసరికే నా పాదాలు స్పర్శ పోయి నన్ను వదిలి వెళ్లిపోయాయి. అప్పుడు నా వంతు వచ్చింది.

“ప్రభువా, వీనికి ఉద్యోగం ఎప్పుడిస్తావో ఇయ్యి, నేను తొందరపెట్టను. శానా నవ్విస్తాడు అందర్నీ. వాడు నవ్వతాండాడా అని ఎవురూ అడగరు. నువ్వన్నా అడుగు.”

 

ఆమేన్ అయ్యాక కూడా నేను లేవకపోతే, “ఏమిరా?” అంది.

“కాళ్లు తిమ్మిరెక్కినాయవ్వా.”

“కండ్లక్కూడా ఎక్కిందా?”

ఆ తర్వాత రోజూ కూర్చున్నాం. మూటలోంచి మా అమ్మ పచ్చడికని దోసిళ్లకొద్దీ తీసుకుపోతుండడంతో దిండు తనంతట తానే దిగుతూ వచ్చింది, దాంతోపాటు అవ్వ కూడా. ఇంత శాస్త్రీయమైన పద్ధతి ఏ వీడియోలోనూ లేదు.

కోత పండుగనాడు అవ్వ కమ్మీ పట్టుకుని, మడత పెట్టిన తువ్వాలు మీద మెల్లగా మోకరించింది. పడితే పట్టుకుందామని నేను పక్కనే, తాత చోట్లో. అయ్యగారు రొట్టె పళ్లెంతో వచ్చి నిలబడ్డారు. అవ్వ కళ్లు మూసుకుంది. వెనక వరసలో ఎవరో నిట్టూర్చారు. నేను కాళ్ల మీద ఆశ వదులుకున్నాను.

“వచ్చినా ప్రభువా” అంది అవ్వ. అంతే. చేతులు చాపింది.

లేచేటప్పుడు చెయ్యందిస్తే, “ముందు నీ కాళ్లు చూసుకో” అంది.

ఇప్పుడు కర్నూలులో ఉద్యోగం. పొద్దున్నే నా కలగలుపు సాధన ఇంకా సాగుతోంది, కానీ భంగిమకు గడియారం పెట్టను. తెలిసినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుంటాను. మొదట్లో ఊపిరి వదిలేలోపే పేర్లు అయిపోయేవి. ఈమధ్య తిమ్మిరి దాకా వస్తున్నాయి. అవ్వ పేరు ముందు, బస్సు డ్రైవర్లు చివర. మధ్యలో, మూడు యోగాలు కలిపేశానని మురిసిపోయిన ఆ గురువుగారిని కూడా చేర్చుకున్నాను. వాడి పేరు దగ్గర కాసేపు ఆగుతాను. నవ్వుతాండావా అప్పా, అని అడుగుతాను.