గిటారుకు సెగ చూపించిన రోజు

మొన్న ఆదివారం మా అమ్మాయి కొత్తగా కొనుక్కున్న గిటారును కారు డిక్కీలోంచి తెచ్చి, బూట్ల మీది మంచయినా దులపకుండా దాని పెట్టె తెరవబోతుంటే, నేను గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చి "ఆగవే, ఇప్పుడు తెరవకు!" అని అరిచాను. "అమ్మా, ఇట్స్ జస్ట్ ఎ గిటార్!" అంది తను. సాయంత్రందాకా తెరవనిస్తే ఒట్టు అని దాన్ని గుమ్మం పక్కన ఆనించాను గాని, ఆ పూటంతా నా కాలు ఒకచోట నిలవలేదు.

మేం కెనడాలోని ఈ విన్నిపెగ్ వచ్చిన కొత్తలో మా ఆయన ఒక పాత అపార్టుమెంటుకు కేర్‌టేకరు, నేను మెట్లు తుడిచేదాన్ని. కింది అంతస్తులో ఒక నల్లజాతి పెద్దాయన భార్యతో ఉండేవారు. వయసులో రైళ్లలో ప్రయాణికులకు పడకలు సర్దే పని చేస్తూ, బండి ఆగిన ఊళ్లోనల్లా ఏదో ఒక బారులో గిటారు వాయిస్తూ పాడి, చివరికి ఆ ఉద్యోగమూ వదిలేసి పాటతోనే ఈ దేశమంతా తిరిగిన మనిషి. దాన్ని బ్లూస్ అంటారని నాకు తర్వాత తెలిసింది గాని, ఏడుపు లాంటి ఆ పాటకు నా కాలు తనంతట తానే తాళం వేస్తుంటే, తుడుపుకర్ర పట్టుకుని ఆ తలుపు ముందు ఎన్నిసార్లు నిలబడిపోయానో! ఆయన కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. భార్య పోయాక పాట మానేసి, కారిడార్లో ఈ కొసనుంచి ఆ కొసకు నడుస్తూనే ఉండేవారు.

మూడేళ్లకు పాత స్నేహితులు పట్టుబట్టి, ఒక హాల్లో మధ్యాహ్నం పూట కచేరీకి ఒప్పించారు. ఈ ఒక్కసారీ పాడలేకపోతే ఇక గిటారు ముట్టనని మా ఆయనతో అన్నారట. ఆ ఉదయం పెద్దాయన క్షవరానికి వెళ్తూ, తీగలు మార్చిన గిటారును స్నేహితుడు తెచ్చిస్తాడని, గదిలో పెట్టమని, తెరవవద్దని నాకు మరీ మరీ చెప్పారు. రాత్రంతా వ్యానులోనే ఉండిపోయిందేమో, ఆ పెట్టె మంచుగడ్డలా ఉంది.

మా నాన్న డప్పు కొట్టేవాడు. మేళానికి ముందు చితుకులు ముట్టించి, చర్మం బిగిసి కణకణమనేదాకా డప్పును సెగకు అటూ ఇటూ తిప్పేవాడు. కాచని డప్పు పలకదని చిన్నప్పటినుంచీ విన్న చెవులు నావి. పెద్దాయనకు మేలు చేద్దామనే, పెట్టె తెరిచి గిటారును హీటరు ముందు పెట్టి, నాన్నలాగే అటూ ఇటూ తిప్పాను. కాసేపటికి టప్పుమంది. చూస్తే చెక్క మీద వెంట్రుకంత చీలిక, జానెడు పొడుగున. చలికి బిగిసిన చెక్క మూసిన పెట్టెలోనే మెల్లగా వెచ్చబడాలని, ఒక్కసారిగా వేడి తగిలితే పగులుతుందని నాకప్పుడు తెలియదు.

ఆయన వచ్చి, ఆ చీలిక వెంట వేలు నడిపించారు. నేను ఏడుస్తూ, వచ్చీరాని ఇంగ్లీషులో, మాట దొరకని చోట చేతులతో, నాన్న సంగతి చెప్పుకున్నాను.

"ఎలా కొట్టేవాడు? చూపించు," అన్నారాయన.

నేను బకెట్టు బోర్లించి ఆ దరువు వేశాను. ఆయన మంచం అంచున కూర్చున్నారు. అదే మొదటిసారి ఆయన కూర్చోవడం నేను చూడటం. గిటారు ఒళ్లోకి తీసుకుని నా దరువు పట్టుకున్నారు. చీలిక దగ్గర చెక్క జీరగా మోగుతుంటే, "దీని గొంతూ నా గొంతులాగే అయింది, ఇక మా ఇద్దరికీ కుదురుతుంది," అని నవ్వారు.

ఆ మధ్యాహ్నం ఆ గిటారుతోనే పాడారు. వెనక వరసలో నేను కూర్చోలేక లేచీ, నిలవలేక కూర్చునీ, ఆయన కాలు నాన్న దరువు వేయడం చూశాను. తర్వాత రెండు చలికాలాలు పాడారు గాని, ఆ చీలిక బాగుచేయించనే లేదు. ఆయన పోయాక ఆ గిటారు ఎవరి చేతికి వెళ్లిందో నాకు తెలియదు.

ఇప్పుడు మా ఊళ్లో డప్పులకు తోలు బదులు ఫైబరట, సెగ అక్కర్లేదట. మా తమ్ముడు వీడియో కాల్‌లో చూపించాడు. సుఖమే, కాదనను. కానీ డప్పు కాగేదాకా ఆ మంట చుట్టూ చేరి ఎదురుచూసిన జనం ఇప్పుడు ఎక్కడ చేరుతున్నారో!

"కెన్ ఐ ఓపెన్ ఇట్ నౌ?" అంటూ సాయంత్రం అమ్మాయి వచ్చి గుమ్మం దగ్గర నా పక్కనే చతికిలబడింది. పెట్టె మీద అరచెయ్యి ఆనించి చూశాను.

ఇంకా చల్లగానే ఉంది.