మంచు మెట్ల మీద ముగ్గు

దోహాలో డిసెంబరు రాగానే జనమంతా సముద్రపొడ్డున కార్నిష్ మీద పడతారు. ఏడాదంతా ఏసీ గదుల్లో మగ్గిన ప్రాణాలకి ఆ కాస్త చల్లగాలే మహాభాగ్యం. మాలతికి మాత్రం అది చాలలేదు. ఆమెకి మంచు కావాలి. అదీ అలాంటిలాంటి మంచు కాదు, ఐదేళ్ళ పిల్లగా తను దొర్లిన జర్మనీ మంచు, రాయిట్లింగెన్ అనే ఊరి మంచు.

ఆమె తండ్రి శేషాచలంగారిది చీరాల. నేత యంత్రాల మీద పరిశోధనకని భార్యాబిడ్డలతో ఆ ఊరు వెళ్ళి కొన్నేళ్ళు ఉన్నారు. ఆయన పోయాక తల్లి అనంతలక్ష్మి దోహాకి, అల్ తుమామాలో కూతురి ఫ్లాటుకే వచ్చేసింది. మాలతి ముషైరిబ్‌లో ఒక ఆఫీసులో పని చేస్తుంది. భర్త మనీష్ హైదరాబాదువాడు, సైట్ ఇంజనీరు. శుక్రవారమైతే చాలు, ఇసుక దిబ్బల మీదికి బండి ఎక్కించి దించుతుంటాడు. ఇసుకని లొంగదీసినవాడికి మంచొక లెక్కా అని అతని ధీమా. జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, కారు అద్దెకి తీసుకుని, దారి పొడుగునా ఆగుతూ ఆ ఊరు చేరాలని ఇద్దరూ అనుకున్నారు.

అమ్మే రానంది.

“మీరెళ్ళి రండి. ఆ ఊరికి నేను రాను.”

“చలికా?”

“చలికేం కాదు.”

“మరెందుకు?”

“రానన్నానుగా!”

మాలతికి ఇది అంతుపట్టలేదు. ఊరెళ్దామంటే అందరికన్నా ముందు చెప్పులేసుకునే మనిషికి ఏమొచ్చిందని? ఆదివారం వీసాకి వేలిముద్రలివ్వాలి. అమ్మ పేరు కలపాలో వద్దో ఆలోగా తేలాలి. అమ్మ రాకపోతే ఆ ఊరు తనకి సగమే దొరుకుతుందని మాలతి బెంగ. తనకి గుర్తున్నదెంత? మంచు మీద జారే ఒక చెక్కబండి, తడిసిపోయిన ఊలు గ్లౌజులు, మెట్ల దగ్గర ఎవరో పెద్దావిడ. మిగతా ఊరంతా అమ్మ దగ్గరే ఉంది. ఆవిడేమో అడిగినదానికల్లా గుర్తులేదంటుంది.

గురువారం సాయంత్రం మాలతి ఉండబట్టలేక ఆ వీధి ఫోటోలు టీవీ తెర మీద పెట్టింది. అనంతలక్ష్మి పట్టనట్టే కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఇళ్ళు ఒక్కొక్కటే జరుగుతూ జరుగుతూ, రాతిమెట్లున్న ఒక పసుప్పచ్చ ఇంటి దగ్గర ఆగాయి. ఆవిడ చేతిలో చిక్కుడుకాయ కూడా ఆగింది.

“ఆ కమ్మీ ఇదివరకు ఆకుపచ్చగా ఉండేది. రంగు మార్చేశారు.”

“గుర్తులేదన్నావు!”

“ఎలా మర్చిపోతానే? ఆ మెట్ల మీదేగా ఆ చీపురావిడ నన్ను ఏడిపించుకు తింది!”

ఇక ఆగలేదు. మాలతి తమ్ముడు కడుపులో ఉన్న చలికాలం అది. ధనుర్మాసం. వీళ్ళ కాపురం పై అంతస్తులో. వాకిలంటే కింద ఉన్న ఆ మెట్లే.

“తెల్లారకముందే దిగి, మైదాపిండితో చిన్న ముగ్గేసి పైకొచ్చేదాన్ని. కిటికీలోంచి చూద్దును కదా, కింద వాటాలో ఆవిడ చీపురుతో తయారు! ముగ్గు మీద బూడిదా ఇసుకా పోసి తుడిచేసేది. రోజూ అంతే. దణ్ణం పెట్టినా వినేది కాదు. భాష రాదు, ఏమని అడగను? ముగ్గులేని వాకిలి ఎలాంటి ఇంటికుంటుందో నీకు తెలీదూ? కడుపుతో ఉన్నదాని గుమ్మం ముందు చేసే పనా అది? వాడు పుట్టి కేర్‌మనేదాకా గుండెలు గుప్పెట్లో పెట్టుకు బతికాను.”

“నాన్నకి చెప్పలేదా?”

“చెప్పాను. పిండి దండగ, మానెయ్యమన్నారు.”

తను పకపకలాడుతూ దొర్లిన చలికాలమంతా అమ్మ భయంతో గడిపిందని తెలిసి మాలతి వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

ఇవేవీ పట్టని మనీష్ ఓ మూల కూర్చుని కారు అద్దెకిచ్చేవాళ్ళు పంపిన జాగ్రత్తలు చదువుతున్నాడు. “ఇది చూడు మాలతీ, నేల మీద జరంత తడి ఉన్నా గాజు లెక్క గడ్డ కడ్తదంట. కంటికి కూడా కనపడదంట. కాలు పెడితే జారుడే! మన ఇసుకనే నయం.”

మాలతి చటుక్కున తల్లి వైపు తిరిగింది.

“అమ్మా, ముగ్గుకి ముందు నీళ్ళు చల్లేదానివా?”

“చల్లకుండా ముగ్గేస్తారటే ఎవరైనా? చెంబుడు చల్లేదాన్ని.”

మనీష్ నవ్వబోయి, అత్తగారి మొహం చూసి నవ్వు మింగేశాడు. మాలతికి మాత్రం మెట్ల దగ్గరి పెద్దావిడ స్పష్టంగా కనిపించింది. చీపురు గోడకానించి, జారిపడబోయినట్టు నటించి, రెండు చేతులూ పొట్ట ముందు గుండ్రంగా పెట్టుకుని, పైన వీళ్ళ కిటికీ వైపు చూపించేది. అదేదో ఆట అనుకుని తను పడీపడీ నవ్వేది.

“ఆవిడ తుడిచింది ముగ్గుని కాదమ్మా. నువ్వు చల్లిన నీళ్ళు గడ్డకట్టి, కడుపుతో ఉన్న నువ్వే ఎక్కడ జారిపడతావోనని బూడిద పోసేది. నాకు చెప్పింది కూడా. చిన్నదాన్ని, నాకర్థం కాలేదు.”

“ఊరుకోవే. నేనక్కడ ఒక్కనాడూ జారలేదు,” అంది అనంతలక్ష్మి విసుగ్గా. అన్న మరుక్షణం తను అన్నదేమిటో తనకే తట్టింది. ఒళ్ళో చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టేసింది. తెర మీది ఆ మెట్ల వైపే చూసింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

“ఆవిడ పేరేంటే?”

“నాకూ తెలీదమ్మా. ఈపాటికి ఉండి ఉండదు.”

“ఉండదులే. పిల్లలుంటారుగా, ఇరుగూపొరుగూ ఉంటారుగా, అడుగుదాం. ఆదివారం నన్నూ తీసుకెళ్ళు.”

“వస్తావా?”

“ఇన్నేళ్ళూ తిట్టుకోడానికి ఆవిడ పేరుతో పని పడలేదు. ఇప్పుడు కావాలి.”