సత్తెమ్మ పేరున్న కుర్చీ

చందానగర్ నుంచి హైటెక్ సిటీకి వెళ్ళొచ్చిన సంగతి కూడా ఒక ప్రయాణమేనా, దాన్ని బ్లాగులో రాస్తావా అని మా అమ్మాయి నవ్వింది. ఊరు దాటని ప్రయాణమే, కాదనను. కానీ రేపు మీ సంఘానికి కూడా అంతర్జాతీయ కార్మిక సమావేశానికి రమ్మని ఉత్తరం రావచ్చు. అప్పుడు ఎలా వెళ్ళాలో, ఎన్నింటికి బయల్దేరాలో, ఏం తినాలో తెలిసి ఉంటే మంచిది. నేను చేసిన తప్పు కూడా తెలిసి ఉంటే ఇంకా మంచిది.

నేను ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. మాది కాకినాడ వైపు. చందానగర్‌లో స్థిరపడి పాతికేళ్ళు దాటింది. ఇంట్లో ఊరికే ఉండలేక, ఐటీ టవర్లలో ఊడ్చి తుడిచే ఆడవాళ్ళ సంఘానికి కాగితాల పని చూసిపెడుతున్నాను. నా ఫైలులో ఎవరూ తప్పు పట్టలేరని నాకు కాస్త గర్వం కూడా ఉండేది. ఈ ఏడాది అలాంటి కార్మికుల అంతర్జాతీయ సంస్థ ఒకటి తన కమిటీ సమావేశాన్ని హైదరాబాదులో పెట్టుకుంది. కమిటీలోకి మీ సంఘం నుంచి ఒక సభ్యురాలిని నియమించండి అని మాకు రాసింది. అందరూ ఒకే మాటగా సత్తెమ్మ పేరు చెప్పారు. ఫారంలో సభ్యురాలి పేరు కింద, ఆమె రాలేకపోతే ఎవరు వస్తారో రాయడానికి ఇంకో గడి ఉంది. ఎవరి పేరు రాయమంటావని సత్తెమ్మనే అడిగాను.

"నాకేమైతది మేడం? మోకాళ్ళు నొస్తున్నయి గని నోరు మంచిగనే ఉన్నది. నేనే వస్త, నేనే చెప్త" అంది నవ్వుతూ. నేను ఆ గడిలో స్కేలు పెట్టి నీటుగా ఒక అడ్డగీత గీశాను. ఆమె ఏం చెప్పదలచుకుందో ఆమె మాటల్లోనే ఒక కాగితం మీద రాసుకున్నాను. పక్కనే కూర్చున్న యాదమ్మ అదంతా విని, అక్కడికక్కడే బట్టీ పట్టేసింది. వాళ్ళిద్దరూ ఒకే టవర్లో, ఒకే అంతస్తులో పదకొండేళ్ళు పనిచేసినవాళ్ళు.

సమావేశం ఇంకా రెండు నెలలుందనగా సత్తెమ్మ పోయింది. డ్యూటీ నుంచి వచ్చి నార్సింగిలో తన గది గుమ్మంలోనే పడిపోయిందట. దవాఖానకు తీసుకెళ్ళేసరికే ప్రాణం లేదు. పదోరోజు కాగానే సంఘంవాళ్ళు ఆమె బదులు యాదమ్మను పంపుదామన్నారు. నేనేమో మరణ ధ్రువపత్రం లేకుండా పేరు మార్చమని ఎలా రాస్తామని కూర్చున్నాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగం నాకు నేర్పింది అదే. ఆ పత్రం కోసం ఆఫీసు చుట్టూ నాలుగు వారాలు తిరిగాను. అది చేతికొచ్చి, దాన్ని జతచేసి పంపేసరికి సభ్యుల జాబితా గడువు ముగిసి ఆరు రోజులైంది. వాళ్ళు మర్యాదగానే జవాబు రాశారు. సంఘం లెటర్‌హెడ్ మీద ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేదనీ, ఇప్పుడు జాబితా మార్చలేమనీ, యాదమ్మగారిని, తోడుగా నన్ను, పరిశీలకులుగా ఆహ్వానిస్తున్నామనీ. సభ్యులైతే మాట్లాడవచ్చు. పరిశీలకులు కూర్చుని వినాలి, అంతే. ఆ ఉత్తరం చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఇక ప్రయాణం. సమావేశం పదింటికి. నేను ఏడుంబావుకి ఇల్లు కదిలి, షేర్ ఆటోలో ఇరవై రూపాయలిచ్చి లింగంపల్లిలో దిగాను. అక్కడి నుంచి గచ్చిబౌలికి సిటీ బస్సులు వరసగా ఉంటాయి. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్ లేదు. ఎనిమిది దాటితే మాత్రం బస్సులో కాలు పెట్టే చోటుండదు, ఏడున్నరలోపు ఎక్కేయండి. యూనివర్సిటీ దాటేదాకా చెట్లు, చల్లగాలి, హాయిగానే ఉంటుంది. ఆ తరువాత అద్దాల మేడలు మొదలవుతాయి. ఇన్నాళ్ళూ వాటిని చూస్తే ఎంత పెద్దవో అనిపించేది. ఆ రోజు మాత్రం లోపల ఎన్ని కుర్చీలుంటాయో అనిపించింది.

గచ్చిబౌలి ఫ్లైఓవర్ దగ్గర యాదమ్మ నాకంటే ముందే వచ్చి నిలబడి ఉంది. ఇస్త్రీ చేసిన నేత చీర, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. అందులో సత్తెమ్మ కాగితం ఉంది. టిఫిన్ అక్కడే చేసి వెళ్ళడం మంచిది, లోపల పదకొండు దాకా టీ కూడా దొరకదు. రోడ్డు పక్క బండి మీద ఇడ్లీ ముప్పై రూపాయలు, వేడిగా, మెత్తగా ఉంది. యాదమ్మ, సత్తెమ్మ రోజూ తినేది ఆ బండి దగ్గరే. బండి నడిపే ఆవిడ నాకోసం ఎర్ర ప్లాస్టిక్ స్టూలు ఒకటి జరిపింది.

"కూసోండ్రి మేడం. సత్తెక్క స్టూలే ఇది. ఈడ తప్ప యాడ కూసుంటుండె ఆమె?" అని యాదమ్మ వైపు తిరిగింది. "ఇయ్యాల అక్క మాట చెప్తున్నవా ఆడ?"

"చెప్పనియ్యరంట. సూడనీకే పిలిచిన్రు" అంది యాదమ్మ, ఇడ్లీ తుంచుతూ. తరువాత నన్ను చూడకుండానే అంది, "జర ముందుగాల నాతోని అన్నా, నేనే పోయి అడుక్కుంటుంటి మేడం."

ఈ విషయంలో ఆమె నన్ను అన్నది అదొక్కటే మాట. నేను స్టూలు మీద నుంచి లేచి నిలబడే తినేశాను.

అక్కడి నుంచి సమావేశ మందిరానికి ఆటోలో నూట ఇరవై తీసుకున్నాడు. బేరమాడితే వందకి వస్తారు గానీ నాకా ఓపిక లేకపోయింది. పావుగంటలో చేరాల్సింది, ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు పట్టింది. తీరా అతను ఆపింది వెనకవైపు, చెత్త బండ్లు నిలబడే గేటు దగ్గర.

"ఇదేంటండీ, ఇక్కడ ఆపారేంటి?" అన్నాను.

"పనోళ్ళు ఈడికెల్లే పోతరు గదమ్మా. రోజు ఎంతమందిని దించుతలేను!"

"మేం పనికి రాలేదండీ, మీటింగుకి వచ్చాం. పిలిస్తే వచ్చాం" అని గట్టిగానే అన్నాను. నాకు కోపం వస్తే ఆగదు. అతను అద్దంలోంచి యాదమ్మను ఒకసారి చూసి, "తప్పైంది అక్కా, ఫికర్ జెయ్యకు" అని, పెద్ద చుట్టు తిరిగి ముందు గేటు దగ్గర దించాడు. మీరు ఎక్కేటప్పుడే ముందు గేటు అని చెప్పండి.

రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర పది నిమిషాలు పడుతుంది. గుర్తింపు కార్డు అసలుది, ఆహ్వానం ప్రింటు రెండూ అడుగుతారు. మెడలో వేసుకునే కార్డుకు సభ్యులకు నీలం రంగు తాడు, మాకు బూడిద రంగుది. ఆ బల్ల మీద సభ్యుల సంచులు వరసగా పెట్టి ఉన్నాయి. అందులో ఒకదాని మీద సత్తెమ్మ పేరుంది. "ఈ మేడమ్ మీ సంఘమే కదా, ఇంకా రాలేదేంటండీ?" అని అక్కడి అమ్మాయి అడిగింది. చెప్పాను. పాపం, ఆ పిల్ల నొచ్చుకుని సంచిని బల్ల కిందికి తీసేసింది.

హాలులో గుర్రపు లాడం ఆకారంలో బల్ల, దాని చుట్టూ సభ్యులు, ప్రతి ఒక్కరి ముందు పేరు బోర్డు, మైకు. మా కుర్చీలు వెనక గోడవైపు. చెవికి పెట్టుకునే పరికరంలో హిందీ వస్తుంది, యాదమ్మకు అది చాలు. "సత్తెమ్మది ఏది మేడం?" అని అడిగింది. తలుపు వైపు నుంచి నాలుగోది చూపించాను. నల్లటి మెత్తటి కుర్చీ, చేతులు ఆన్చుకునేది, అటూ ఇటూ తిరిగేది. పేరు బోర్డు, నీళ్ళ సీసా, మైకు అన్నీ ఉన్నాయి, మనిషే లేదు.

అధ్యక్షురాలు వేరే దేశం ఆవిడ, జుట్టంతా నెరిసింది. మొదలవకముందే నేను వెళ్ళి, సత్తెమ్మ కాగితాన్ని యాదమ్మ చదవవచ్చా, మూడు నిమిషాలు చాలు అని అడిగాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని మరీ విన్నారు. సభ్యుల మాట సభ్యులే చెప్పాలనీ, ఒకరికి సడలిస్తే అందరికీ సడలించాలనీ, సంతాపం మాత్రం తప్పక చెబుతామనీ అన్నారు. ఆమె స్థానంలో నేనుంటే అచ్చం అలాగే చెప్పేదాన్ని. అందుకే దండం పెట్టి వెనక్కి వచ్చేశాను.

సభ మొదలవగానే ఆవిడ సత్తెమ్మ పేరు పలికి, ఒక నిమిషం మౌనం పాటిద్దామన్నారు. అందరూ లేచారు. మేమూ లేచాం. మళ్ళీ కూర్చున్నాక యాదమ్మ నా చెవి దగ్గరకు వంగింది. "కూసోనీకి అడుగుదామని రాపిచ్చుకున్నది మేడం ఆమె. గీల్లందరు నిలవడ్డరు" అంది. తరువాత ఒంటిగంట దాకా ఎవరెవరో ఏవేవో మంచి మాటలే చెప్పారు. నాకు ఒక్కటీ తలకెక్కలేదు.

భోజనాలకు అందరూ కింది అంతస్తుకు వెళ్ళారు. భోజనం ఉచితం, పప్పు బావుందని తరువాత విన్నాను. యాదమ్మ లేవలేదు, నేనూ ఉండిపోయాను. ఖాళీ అయిన హాలులోకి నీలం యూనిఫాంలో ఒకామె వచ్చి బల్లలు తుడవడం మొదలుపెట్టింది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. పొద్దుటి నుంచీ తలుపు పక్కన నిలబడే ఉంది, నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

"ఏ ఊరు చెల్లె?" అని అడిగింది యాదమ్మ.

"వికారాబాద్ దిక్కు అక్కా. రేణుక నా పేరు."

యాదమ్మ లేచి వెళ్ళి సత్తెమ్మ కుర్చీని వెనక్కి జరిపింది. "జర కూసో రేణుకా. గిది మా దోస్తుది. ఆమె రాలే."

"వద్దక్కా, సూపర్వైజర్ సార్ చూస్తే పరేషాన్ జేస్తడు."

"సార్ తింటున్నడు గని, కూసో."

రేణుక తలుపు వైపు చూసి, కుర్చీ అంచు మీద, సగం కూర్చుంది. గుడ్డ చేతిలోనే ఉంది. యాదమ్మ కవరులోంచి కాగితం తీసింది, కానీ విప్పలేదు. ఆమె ముందు నిలబడి, సభలో చెప్పినట్టే చెప్పింది.

"నా పేరు సత్తెమ్మ. పదకొండేండ్ల సంది కుర్చీలు తుడుస్తున్న. మా ఫ్లోర్ల మూడు నూర్ల కుర్చీలున్నయి. ఒక్కదాంట్ల గూడ నేను కూసోలే. కూసుంటే ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల పెడ్తరు. నాకు అసుంటి మెత్తటి కుర్చీ వద్దు. మెట్ల కాడ ఒక స్టూలు ఏస్తే చాలు. పొద్దుగాల పది నిమిషాలు, మాపటికి పది నిమిషాలు కూసుంట. పని ఏం ఆగదు. ఇంటికి పోయినంక నా మన్మరాలు ఆడుకుందాం రమ్మంటది. నాకు నిలవడనీకి కాళ్ళు ఉంటలేవు. గంతే."

రేణుక కుర్చీలో వెనక్కి జరిగి పూర్తిగా కూర్చుంది. కళ్ళు మూసుకుంది. మెట్ల దగ్గర మాటలు వినిపించగానే ఆమె లేచింది. లేచి, చేతిలో ఉన్న గుడ్డతో తను కూర్చున్న చోటంతా శుభ్రంగా తుడిచి, కుర్చీని బల్ల కిందికి నెట్టింది. సత్తెమ్మ పేరు బోర్డును కూడా ఒకసారి తుడిచి వెళ్ళింది.

సాయంత్రం అయిదింటికి సభ ముగిసింది. తిరుగు ప్రయాణానికి హైటెక్ సిటీ స్టేషన్ నుంచి లోకల్ రైలు మంచిది, చందానగర్‌కు అయిదు రూపాయలే. రైళ్ళు మాత్రం తక్కువ, సమయం ముందే చూసుకోండి. యాదమ్మ నార్సింగి వైపు ఆటో ఎక్కుతూ సత్తెమ్మ కాగితం నా చేతిలో పెట్టింది. "ఫైలుల పెట్టుండ్రి మేడం, మల్ల ఎప్పటికన్న అక్కరకొస్తది" అంది. రైలులో నాకు సీటు దొరికింది. కూర్చోబుద్ధి కాలేదు.

పదిహేను రోజులకు సమావేశం నివేదిక వచ్చింది. అందులో సంతాపం ఒక వాక్యం ఉంది. సత్తెమ్మ అడిగిన స్టూలు లేదు. తప్పు వాళ్ళది కాదు, వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. జీవితమంతా కాగితం సరిగా ఉంటే మనిషికి న్యాయం జరిగినట్టేనని నమ్మాను. ఈసారి కాగితం సరిగానే ఉంది, మనిషి మాటే పోయింది. నేను యాదమ్మను క్షమించమని ఇంకా అడగలేదు. అడిగితే ఊరుకోండ్రి మేడం అంటుందని తెలుసు, అందుకే నోరు రావడం లేదు. మీకు ఒక్క సలహా చెప్పి ముగిస్తాను: సభ్యుల ఫారంలో రెండో పేరు రాసే గడిని మొదటి రోజే నింపండి, ఎవరు వద్దన్నా వినకండి. నేను స్కేలు పెట్టి గీత గీసిన చోట యాదమ్మ అని రాసి ఉంటే, సత్తెమ్మ మాట హాలు మొత్తం వినేది. ఇప్పుడు దాన్ని విన్నది రేణుక ఒక్కతే.