బస్సు ఎక్కకుండా నలభై రెండు కిలోమీటర్లు

లింగన్న ఫోన్ చేసినప్పుడు నేను బురైదాలో ఖర్జూరపు తోటకు నీళ్లు పెడుతున్నాను. అతనిది జగిత్యాల వైపు, మా పక్క ఊరు. బంధుత్వం లేకపోయినా బావా అని పిలుచుకుంటాం. రియాద్‌లో ఒక కంపెనీలో ప్లంబర్. పోయినేడాది అక్కడ జరిగిన మారథాన్‌లో ముప్పై కిలోమీటర్లు దాటాక బాగా వెనకబడ్డాడు. అలాంటి వాళ్లను తీసుకుపోవడానికి వెనక ఒక బస్సు వస్తుంది. అది అతన్ని ఎక్కించుకుంది. అప్పటినుంచి కంపెనీ పనివాళ్లుండే క్యాంపులో అతని పేరు బస్సు లింగన్న. ఆ క్యాంపులో సగం మంది మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. ఇప్పుడు అతనికి ఫైనల్ ఎగ్జిట్ పడింది, ఇక తిరిగి రావడం ఉండదు. మారథాన్ అయిన మూడు రోజులకు ఇంటికి పోవాలి.

"ఊరికి తీస్కపోయే సామానంత కార్గోల ఏసిన బావ. గీ పేరొక్కటి ఈడ్నే ఇడ్సిపెట్టి పోవాలె. లేకుంటె ఊరికి నాకన్న ముందు అదే పోతది," అన్నాడు. "నువ్వు నా పక్కపొంటి ఉర్కు. ఎగిరితె గుంజి పట్టు, కూలవడితె నూకు."

సరే అన్నాను. ఇలా పక్కన ఉండి వేగం సరిచూసేవాణ్ణి పేసర్ అంటారు. నేను ఈ పరుగు అంతకుముందు రెండుసార్లు పూర్తి చేశాను. నాకు వేగం లేదు. తోటల వెంట తెల్లవారకముందే రోజూ పరుగెత్తడం వల్ల ఒకే తీరుగా పోవడం మాత్రం అలవాటైంది.

నన్ను పనిలో పెట్టుకున్న కఫీల్‌కు చెప్పి శుక్రవారం పొద్దున్నే బయలుదేరాను. బురైదా నుంచి రియాద్‌కు రైలు ఉంది, తొందరగా పోతుంది. కానీ స్టేషన్ ఊరికి దూరం, అక్కడిదాకా టాక్సీ కట్టాలి. నేను బస్సులోనే పోయాను. టికెట్ ఎనభై రియాళ్ల పైచిలుకు, ప్రయాణం నాలుగు గంటలు దాటింది. పొద్దుటి బస్సులో కుడివైపు సీటు దొరికితే దారి పొడవునా మొహం మీద ఎండ ఉంటుంది. ఎడమవైపు అడిగి తీసుకోవడం మంచిది.

బస్టాండుకు లింగన్నతో పాటు మస్తాన్ వచ్చాడు. కడపవాడు, అదే కంపెనీలో డ్రైవర్. బస్సు లింగన్న అన్న పేరు పెట్టింది అతనే.

"రా పెద్దన్నా. ఈ సారి మీ బావకి వెనకొచ్చే బస్సులో కిటికీ పక్కన సీటు పెట్టమని ముందే చెప్పినాలే," అన్నాడు.

"నీ నోట్ల మన్నువొయ్య," అన్నాడు లింగన్న. నవ్వలేదు.

పరుగులో చొక్కాకు పెట్టుకునే నంబర్లు తెచ్చుకోవడానికి మెట్రోలో పోయి వచ్చాం. టికెట్ నాలుగు రియాళ్లు, రెండు గంటల పాటు చెల్లుతుంది. ఆ తరవాత అసలు కష్టం మొదలైంది. ఎగ్జిట్ మీద పోయేవాణ్ణి తెలిసినవాళ్లు కలిసి ఉండే రూములన్నీ ఒక్కో పూట పిలిచి అన్నం పెడతాయి. లింగన్నకు శుక్రవారం ఒక్కటే ఖాళీ కనుక మూడు రూములు అదే రోజు పిలిచాయి. మొదటి రూములో వేటమాంసం. మూడు గంటలు గడిచాయో లేదో రెండో రూములో బగారన్నం, కోడికూర. రాత్రికి బత్తా బజారు దగ్గర మూడో రూము, మళ్లీ వేటమాంసం. ప్రతిచోటా ఒకటే మాట: "ఇగ మల్ల మా చేతి కూడు ఎప్పుడు తింటవే?" ఆ మాట విన్నాక వద్దనలేం. లింగన్న నా వైపు చూశాడు. తెల్లవారితే పరుగు ఉందని నేనే చెప్పాల్సింది. అంతమందిలో నాకు నోరు రాలేదు. అతని పక్కన కూర్చుని, అతను చేయి పెట్టకముందే ముక్కలు నా పళ్లెంలోకి మార్చుకుంటూ పోయాను.

"పెద్దన్నా, రేపు పరిగెత్తేది నువ్వా, ఆయనా?" అన్నాడు మస్తాన్.

శనివారం చీకటితోనే మస్తాన్ తన వ్యానులో దింపాడు. రియాద్‌లో ఈ పరుగు పెట్టే నెలలో చలి బాగా ఉంటుంది, పాత స్వెట్టర్ వేసుకుపోవాలి. ఆరున్నర గంటల్లో పూర్తి చేయాలని నియమం. ఆ తరవాత రోడ్డు తెరుస్తారు. నా లెక్క తేలిక. రెండు కరెంటు స్తంభాల దూరం పరుగు, ఒక స్తంభం దూరం నడక.

"గింత మెల్లగ ఉర్కితె ముసలోళ్లు అనుకుంటరు బావ," అన్నాడు లింగన్న.

"ముసలోళ్లమే," అన్నాను.

పది కిలోమీటర్ల దాకా బాగానే సాగింది. అక్కడ మొదటి రూమువాళ్లు నిలబడి ఉన్నారు. లింగన్న ఆగిపోయాడు. చేతులు కలిపాడు, కావలించుకున్నాడు, ఫోటో దిగాడు. ఇంకా ముందుకు పోతే రెండో రూమువాళ్లు అరటిపళ్లతో ఉన్నారు. వాళ్లలో ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. అతన్ని ఓదార్చడానికి మరికొంతసేపు. చెయ్యి పట్టి లాగాను.

"పలకరియ్యకుంట ఎట్ల పోను బావ? మల్ల కనవడ్తరా?"

పాతిక కిలోమీటర్లు దాటాక వెనక్కి చూస్తే దూరంగా పసుపు లైటు వెలిగి ఆరుతూ బస్సు కనిపించింది. లింగన్న కూడా చూశాడు. ఆపైన మాట్లాడలేదు.

ఇద్దరం అలా మాట లేకుండా నడిచింది అంతకుముందు ఒకసారే. గల్ఫ్ యుద్ధం మొదలైనప్పుడు ఖఫ్జీలో పనిచేస్తున్నాం. సరిహద్దు దాటితే కువైట్. ఊరు ఖాళీ చేయమన్నారు. లారీ తెస్తానన్న ఫోర్‌మన్ తిరిగి రాలేదు. రోడ్డు పట్టుకుని దక్షిణానికి నడిచాం. మొదట పరుగెత్తినవాళ్లు కాసేపటికి రోడ్డు పక్కన కూర్చున్నారు. మేం ఆగకుండా నడుస్తూ పోయాం. సాయంత్రానికి ఒక నీళ్ల ట్యాంకర్ డ్రైవర్ ఎక్కించుకున్నాడు. దాని గురించి మేమిద్దరం తరవాత పెద్దగా మాట్లాడుకోలేదు.

ముప్పై దాటాక పెద్ద గుంపు కనిపించింది. పనికి సెలవు పెట్టి క్యాంపంతా వచ్చింది. మస్తాన్ చేతిలో శాలువా, ఇంకొకరి చేతిలో దండ, ఫ్లాస్కులో చాయ్. అక్కడ ఆగితే ఇక లేవడం ఉండదు. లింగన్నను వదిలి నేను ముందుకు పరుగెత్తాను.

"ఎవలు ఆపద్దు," అన్నాను. చేతులు చాపి అడ్డం నిలబడి మళ్లీ అన్నాను. "శాలువ లేదు, ఫోటో లేదు. మాట్లాడేదుంటె ఎంబడి నడువుండ్రి. ఆయన నిలవడితె బస్సు అస్తది."

"పెద్దన్న ఇన్ని మాటలు మాట్లాడంగా నేనెప్పుడూ చూడలే," అన్నాడు మస్తాన్. శాలువా చంకలో పెట్టుకుని ఫుట్‌పాత్ మీద నడక మొదలుపెట్టాడు. మిగతావాళ్లు కదిలారు. రోడ్డు పొడవునా కట్టిన కంచెకు ఇవతల మేమిద్దరం, అవతల వాళ్లు. వాళ్లందరి కాళ్లకూ చెప్పులే. టపటపమని ఒకటే చప్పుడు.

"లింగన్నా, నీ కుక్కర్ ఎవనికిస్తున్నవ్?"

"మన రూము నర్సయ్యకు."

"పరుపు?"

"దాంట్ల నల్లులున్నయ్. అది మస్తాన్‌కు."

"వద్దులేన్నా, నాకాడ ఉండేటివే చాలు," అన్నాడు మస్తాన్, ఆయాసపడుతూ.

అలా కుక్కరూ, ఇస్త్రీపెట్టె, దుప్పట్లూ అన్నీ పంచేశాడు. నవ్వుతూనే స్తంభాలు దాటుతున్నాడు. ఒకరి చెప్పు తెగింది, ఒకరికి డొక్కలో పట్టింది. ఒక్కొక్కరూ ఆగిపోయారు. ఆగినవాళ్లు వెనక నుంచి అరిచారు: "పో, లింగన్నా, పో." చివరిదాకా మస్తాన్ ఒక్కడే వచ్చాడు. ముగింపు గేటు కనిపించే మలుపు దగ్గర అతన్ని కూడా కాపలావాళ్లు ఆపేశారు.

గేటు మీద గడియారం ఇంకా నడుస్తోంది. పక్కన బల్లలు మడతపెడుతున్నారు. లింగన్న దాటాడు, నేను వెనక దాటాను. మా వెనక ఐదారుగురు. తరవాత బస్సు వచ్చి ఆగింది. అందులోంచి దిగుతున్నవాళ్ల వైపు లింగన్న కాసేపు చూశాడు. తన నీళ్ల సీసా తీసుకుపోయి వాళ్లలో ఒకతనికి ఇచ్చి వచ్చాడు.

మధ్యాహ్నం రూములో మళ్లీ అన్నం. ఒకతను అలవాటు కొద్దీ, "బస్సు లింగన్నా, జరుగు," అన్నాడు.

"యా బస్సు?" అన్నాడు మస్తాన్. పొక్కులెక్కిన అరికాళ్లు చాపుకుని కూర్చున్నాడు. "ఊరికే నడిచినామా మేమంతా? లింగన్న అను."

అతను లింగన్న అన్నాడు. లింగన్న జరిగి చోటిచ్చాడు.

మంగళవారం అతను విమానం ఎక్కాడు. ఈ పరుగులో నేను అతన్ని నడిపించానని అందరూ అంటున్నారు. ముప్పై కిలోమీటర్ల దాకా నేను చేసింది చెయ్యి పట్టి లాగడమే. అది పెద్దగా పనిచేయలేదు. మనుషులు తన కోసం వచ్చి నిలబడితే దాటిపోవడం అతనికి చేతకాదు. అదే మనుషులు నడుస్తుంటే వాళ్లతో పాటు నడవడం అతనికి కష్టమే కాలేదు. ఈ సంగతి నాకు ముందే తట్టి ఉంటే పదో కిలోమీటరు నుంచే వాళ్లను వెంట నడవమని చెప్పి ఉండేవాణ్ణి.

ఈ పరుగుకు పోయేవాళ్లకు ఒక్క మాట. మిమ్మల్ని చూడ్డానికి స్నేహితులు వస్తామంటే రమ్మనండి. బూట్లు వేసుకుని రమ్మనండి.