బేరంలో కొట్టేసిన మూడో పిన్ను

చేవెళ్లలో మాది కిరాణా కొట్టు. బేరమాడందే నాకు ముద్ద దిగదు. మొయినాబాద్‌లో ఒకాయన పాత ఆంప్లిఫయర్ అమ్ముతుంటే, ప్లగ్గుకు మూడో పిన్ను విరిగిందని సాకు చూపి ధర సగానికి దించాను.

ఇంట్లో పెట్టగానే స్పీకర్లు గుయ్యిమన్నాయి. వైర్లు మార్చినా తగ్గలేదు. విసుగొచ్చి ఆంప్లిఫయర్ ఇనుప డబ్బాను పట్టుకుంటే మోత ఆగింది! వేళ్లు జివ్వుమంటున్నా, రోగం దొరికిందని మురిసిపోయాను.

నేల తుడుస్తున్న మా ఆవిడ అరిచింది. "ఇప్పుడే తుడిచిన గద, జర ఆ చెప్పులు ఇడువరాదయ్యా!"

డబ్బా వదలకుండానే ఒక చెప్పు విడిచి, తడి నేల మీద కాలు పెట్టాను. ఒళ్లంతా బిగుసుకుపోయింది. చెయ్యి ఊడి రాదు. నన్ను లాగడానికి ఆమె తడి చేతులతో పరుగెత్తుకొస్తోంది. "ముట్టకు" అందామంటే మాట రాలేదు. నా ప్రాణం కంటే ఆ చేతులకే ఎక్కువ భయపడ్డాను. అవి తగిలేలోపే నా కాలు జారింది. దబ్బున పడ్డాను, చెయ్యి విడివడింది.

డబ్బాలోకి లీకైన కరెంటును భూమిలోకి పంపాల్సింది ఆ విరిగిన పిన్నేనట. అది లేక నా ఒంట్లోంచి దారి చూసుకుంది. మర్నాడే అడిగినంత ఇచ్చి, మూడు పిన్నుల కొత్త ప్లగ్గు వేయించి ఎర్తింగ్ చేయించాను. మోత పోయింది.

అయినా నేను పాటలు పెట్టబోతే మా ఆవిడే చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పడేస్తుంది.

"ఏసుకో. దీంట్ల బేరం లేదు."